మక్కచేనుకు కట్టిన గొంతు

పగటి బువ్వ తిని, గిన్నెలు తోమి బోర్లించాక యాదవ్వ నడింట్లో చాట ముందేసుకొని కూర్చునేది. చాటలో రాత్రికి కావలసిన బియ్యం. పక్కన పీట మీద టేపురికార్డరు. మీట నొక్కి రాళ్లు ఏరడం మొదలుపెట్టేది. క్యాసెట్టు ఒక పక్క పూర్తిగా తిరిగి టక్కున ఆగేసరికి బియ్యంలో ఒక్క రాయి కూడా మిగిలేది కాదు.

ఇప్పుడూ చాట ముందేసుకొని కూర్చుంటుంది. టేపురికార్డరు పీట మీదే ఉంది, పైన తువ్వాల కప్పుకొని. చెయ్యి అటు పోయి నడుమనే ఆగిపోతుంది. ఏరిన రాళ్లేవో, ఏరనివేవో తెలియదు. రాత్రి ముద్ద నోట్లో పెట్టుకుంటే పంటి కింద కరుక్కుమంటుంది. ఉమ్మేయదు. "పక్కింటి మొండయ్య ఇంటోళ్లు తినాల్సిన రాళ్లియి" అనుకుంటూ ఒక్కో రాయినీ చేతిలోకి తీసుకొని చూసి, పళ్లెం అంచుకు పెడుతుంది.

సుల్తానాబాద్‌కు కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్లో యాదవ్వను మూగి యాదవ్వ అనేవాళ్లు. ఆమె మూగది కాదు. మాట తక్కువ. వేములవాడ దిక్కు పల్లెలో పుట్టింది. పలక పగలగొట్టుకొని ఇంటికి వచ్చిన రోజునే బడి మాన్పించి, మేకల వెంట తోలారు. మేకల వెంట తిరిగిన పిల్లకు మాటలతో పనేముంది? అదిలిస్తే చాలు. పెళ్లై వచ్చాక అత్తకు ఎదురు చెప్పలేదు, మామకు బదులు చెప్పలేదు. కడుపు పండలేదని వేములవాడ రాజన్న గుడిలో కోడెను కట్టి మొక్కి వచ్చింది. అప్పటికీ పండకపోతే ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆమె ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని ఇంట్లోవాళ్లు అనుకునేవాళ్లు, ఊళ్లోవాళ్లూ అట్లాగే అనుకునేవాళ్లు.

మొగడు రాజం మాత్రం అట్లా అనుకోలేదు. ఆయన మాటల పుట్ట. ఎడ్లతో మాట్లాడేవాడు, నాగలితో మాట్లాడేవాడు. కరువు పట్టి రెండు పంటలు ఎండిపోయాక, ఎకరం పొలం కుదువబెట్టి మస్కట్ పోయాడు. పోయిన ఏడాదికి, సెలవు మీద వచ్చే పక్కూరి మనిషి చేత ఒక టేపురికార్డరూ, ఒక క్యాసెట్టూ పంపించాడు. ఉత్తరాలు రాసుకునే చదువు ఇద్దరికీ లేదు. ఆ రోజుల్లో గల్ఫుకు పోయినవాళ్లంతా మాటను క్యాసెట్టులో పెట్టి పంపేవాళ్లు. ఇంటివాళ్లు విని, వెనకవైపున తమ మాటలు పెట్టి తిప్పి పంపేవాళ్లు.

రాజం క్యాసెట్టులో ఒక విచిత్రం ఉంది. ఆయన ఒక మాట అడిగి, ఆమె బదులు చెప్పేటంత సేపు ఊరుకునేవాడు.

"యాదీ, బువ్వ తిన్నవానే?" అంటాడు. ఊరుకుంటాడు. సర్రుమని టేపు ఒక్కటే తిరుగుతుంది.

"ఏం కూర?" మళ్లీ ఊరుకుంటాడు.

"బర్రె ఈనిందా? దుడ్డెనా, దున్ననా?"

"మంచె తాళ్లు మార్పిచ్చినవా? పోయినేడు తాళ్లతోనే ఎక్కకు. పడితె లేపేటోడు లేడాడ."

"నువ్వు సప్పుడు చెయ్యకుంట కూసుంటె సరే అన్నట్టే అనుకుంటరే యాదీ లోకం. జర నోరు తెరువు. ఎనుకపక్క ఖాళీ ఉంచిన. గండ్ల మాట్లాడి పంపు. తిట్టి పంపినా మంచిదే."

చివరికి నవ్వుతాడు. నవ్వు దగ్గులోకి దిగుతుంది. సిమెంటు దుమ్ము దగ్గు అది.

ఆమె రేపు మాట్లాడదాం, ఎల్లుండి మాట్లాడదాం అనుకుంటూ ఉండగానే రాజం పనిచేసే కట్టడం మీద నుంచి పడ్డాడన్న కబురు వచ్చింది. ఆ వెనక ఎన్నాళ్లకో శవం ఉన్న డబ్బా వచ్చింది. తెరిచి చూపించవద్దని పెద్దలన్నారు. ఆమె ఊరుకుంది. సరే అన్నట్టే అనుకున్నారు.

ఆ తర్వాత నోరు తెరిచింది యాదవ్వ. రోజూ పగటిపూట, తలుపు దగ్గరకేసుకొని, ఆయన అడిగి ఊరుకున్న చోటల్లా బదులు చెప్పేది. "తిన్న. చింతచిగురు పప్పు." "దుడ్డే. నల్లగున్నది, నీ లెక్క." "మార్పిచ్చిన తాళ్లు." ఊరంతటికీ మూగిదైన మనిషి, బియ్యంలో రాళ్లు ఏరేటంత సేపు కడుపునిండా మాట్లాడేది. టేపురికార్డరులో సెల్లులు నీరసపడి ఆయన గొంతు లాగినట్టు వస్తే వాటిని ఎండలో పెట్టి, మళ్లీ వేసి వినేది. రెండేళ్లలో ఒక్క రోజు మానలేదు.

మొండయ్య రాజానికి చిన్నాయన కొడుకు. ఇల్లు పక్కపక్కనే, చేను పక్కపక్కనే. పూర్వం ఒకటే చేను; పాళ్లు పంచుకున్నప్పుడు నడుమ గెట్టు పడింది. గెట్టు మీదున్న మంచె మాత్రం ఇద్దరిదీ. మక్కజొన్న కంకులు పాలుపోసుకునే కాలానికి చిలుకలు గుంపులుగా దిగుతాయి. పొద్దుటి కావలి యాదవ్వది, రెండు చేన్లకూ. మాపటి కావలి మొండయ్య ఇంటివాళ్లది, అదీ రెండు చేన్లకూ. ముసలివాళ్లు ఉన్ననాటి ఒప్పందం.

మొండయ్య కొడుకు ఐలేషు. తొమ్మిదేళ్లుంటాయి. యాదవ్వ ఇంట్లోకి అడగకుండా వచ్చేవాడు, అడగకుండా తినేవాడు. ఆమె వద్దనలేదు. కడుపున పుట్టకున్నా చేతి ముద్ద తిన్నవాడు గదా అనుకునేది. ఆ ఏడు మాపటి కావలి వాడికి అప్పజెప్పి, మొండయ్య సుల్తానాబాద్‌లో ధాన్యం మిల్లుకు హమాలీ పనికి పోయేవాడు. బుచ్చవ్వ, వాడి తల్లి, అరుగు మీద బీడీలు చుట్టుకునేది. మొండయ్యకూ మస్కట్ పోవాలని ఉంది. పాసుపోర్టు తయారైంది. మక్కలు అమ్మిన పైకం ఏజెంటు చేతిలో పెట్టాలన్నదే ఆ ఇంటి లెక్క.

ఒక మాపటివేళ గడ్డికోసమని చేనుకు పోయిన యాదవ్వ గెట్టు మీద నిలబడిపోయింది. చేను తళతళ మెరుస్తోంది. కట్టెలు పాతి, ఒక కట్టె నుంచి ఇంకో కట్టెకు సన్నని నల్ల పట్టీ లాగి కట్టి ఉంది. మొండయ్య చేను మీదా, ఆమె చేను మీదా. గాలికి ఆ పట్టీ జుమ్మని తుమ్మెద గుంపులా మోగుతోంది. చిలుకలు వచ్చి, ఆ మోతకు బెదిరి తిరిగి పోతున్నాయి. ఆ దిక్కు పల్లెల్లో అందరూ చేసే పనే అది. చెడిపోయిన పాటల క్యాసెట్టును చింపి చేనుకు కట్టుకుంటారు. మంచె మీద ఐలేషు లేడు. గోలీలాటకు పోయినట్టున్నాడు. యాదవ్వ నవ్వుకుంది. "పోరడు ఉషారైనోడే" అనుకుంది. గడ్డి మోపు కట్టుకొని, పొద్దు గూకేదాకా ఆ మోత వింటూ గెట్టు మీదే కూర్చుంది. ఎందుకో మనసు చల్లగా అనిపించింది కూడా.

మర్నాడు పగలు బియ్యం చాటలో పోసుకొని, క్యాసెట్టు దాచుకునే బట్టల పెట్టె తెరిచింది. క్యాసెట్టు లేదు.

పెట్టె కింద చూసింది. గూట్లో చూసింది. బట్టలన్నీ దులిపింది. ఆ తర్వాత చాటా బియ్యమూ అట్లాగే విడిచి, చెప్పులు కూడా లేకుండా చేనుకు ఉరికింది.

గాలి ఆగి ఉంది. పట్టీలు సగం తెగి, మక్క ఆకులకు చుట్టుకొని వేలాడుతున్నాయి. తెల్లవారుజాము మంచుకు తడిసి, ఎండకు మెలి తిరిగి ఉన్నాయి. ఒక్కో కట్టె దగ్గర ముడి. పిల్లవాడు పండ్లతో కొరికి, గట్టిగా వేసిన ముడి. ఆమె ముళ్లు విప్పింది, విప్పరానివి తెంపింది, దొరికినంత ఒడిలో వేసుకుంది. తాను నిన్న గెట్టు మీద కూర్చొని చల్లగా ఉందనుకున్నది ఏ మోత వినో అప్పుడు తెలిసింది. ఆమె ఏడవలేదు. ఒడి బరువు లేదు. అదే ఆమెను కాల్చింది, ఒక మనిషి ఇంత తేలికా అని.

ఒడి అట్లాగే పట్టుకొని మొండయ్య వాకిట్లోకి పోయింది. మొండయ్య ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. బుచ్చవ్వ ఒళ్లో బీడీల చాట ఉంది. ఐలేషు జామకాయ తింటున్నాడు.

"ఎందుకు తీసినవ్ కొడుకా?" అని అడిగింది యాదవ్వ.

పిల్లవాడు భయపడలేదు. భయపడవలసిన పని చేశానని వాడికి తెలియదు. "పాటలు లేవు గద పెద్దవ్వా గండ్ల. ఉత్త మాటలే ఉన్నయి" అన్నాడు.

"ఎవలయిరా గా మాటలు?"

"పెద్దబాపుయి. నువ్వు రోజు ఇంటవు గద, నీకు అన్నీ ఎర్కనే గద."

మొండయ్య ముందు నవ్వి, తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. "పోరడు ఎర్కలేక చేసిండు వదినె. గంత పరేషాన్ గావడితివి? కొత్త క్యాసెట్టు ఇరవై రూపాలు. రేపు వచ్చేటప్పుడు పట్టుకొస్త తియ్యి."

"రాజం మాటలు పెట్టిన క్యాసెట్టు దొరుకుతదా మొండయ్యా, ఇరవై రూపాలకు?"

"గట్లంటె ఎట్ల? క్యాసెట్టుకు క్యాసెట్టు. అంతకంటె ఏం ఇస్తరెవలన్న?"

బుచ్చవ్వ బీడీ చుట్టడం ఆపకుండానే అన్నది: "అక్కా, నీ చేనుకు సుత కట్టిండు గద వాడు. చిలుకలు నీ మక్కలు సుత తినలే గద. గదీ చూడు జర."

యాదవ్వ ఇంకొక మాట అనలేదు. బుచ్చవ్వ ఆ మాట సరిపోయిందనుకుంది.

మర్నాడు యాదవ్వ ఆ నల్లని చిక్కును పాత చీరముక్కలో మూటకట్టుకొని సుల్తానాబాద్ బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే అంబదాస్ దగ్గరికి పోయింది. మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చి స్థిరపడినవాడు. మూట విప్పి చూసి తల పట్టుకున్నాడు.

"అరె దేవా. ఏంది మావ్‌శీ ఇది, చింపిరి జుట్టు తెచ్చినవా?"

"జేయవడ్తదా?"

"ఎట్ల అయితది? నలిగింది, తడిసింది. పట్టీ మీది మసి రాలిపోయింది. మసి రాలితే మాట పోయినట్టే."

ఆమె కదలలేదు. అంగడి మూసే దాకా అయినా కూర్చునేటట్టుంది. అంబదాస్ నిట్టూర్చి, ఆ చిక్కులో కొంచెం బాగున్న ముక్క ఒకటి ఏరి, ఇస్త్రీ చేసినట్టు వేలితో సాఫు చేసి, రెండు కొసలు అతికి, పాత డొల్ల ఒకదానిలో ఎక్కించి తిప్పాడు. గరగర. గరగర. అందులోంచి ఒక దగ్గు. రాజం దగ్గే. ఆ తర్వాత ఏమీ లేదు, సర్రుమని ఖాళీ.

"గిదే. దగ్గు ఒక్కటి దొరికింది. అటెనుక ఉత్తదే, ఏం లేదు గండ్ల" అన్నాడు అంబదాస్.

ఏమీ లేని ఆ చోటు ఎవరిదో ఆమెకు తెలుసు. రోజూ తాను బదులు చెప్పే చోటు. ముందున్న ప్రశ్న పోయింది. ఇప్పుడక్కడ చెప్పడానికి ఏమీ లేదు. అంబదాస్ పైసలు తీసుకోలేదు. ఆమె ఆ ముక్క కూడా తీసుకోకుండానే లేచింది.

ఇంటికి నడిచి వస్తుంటే దారి పొడుగునా ఒకటే ఆలోచన. వీళ్లు కట్టాలి. ఎట్లాగైనా కట్టాలి. ఇరవై కాదు. తనకు ఎంత పోయిందో అంత పోవాలి ఆ ఇంట్లోంచి.

కులపెద్ద అంతయ్య దగ్గర పంచాయితి పెట్టించింది. పంచాయితి కూర్చోవాలంటే ఇరువైపుల వాళ్లూ ముందు పైకం పెట్టాలి. ఓడినవాళ్ల పైకం పెద్దల కల్లుకు పోతుంది. యాదవ్వ రెండు కోళ్లు అమ్మి పెట్టింది. మూగి యాదవ్వ పంచాయితి పెట్టిందట అని ఆడవాళ్లు కూడా వచ్చి గోడవారన నిలబడ్డారు.

అంతయ్య మీసం దువ్వుకొని అన్నాడు: "చెప్పు బిడ్డా. నుక్సాన్ ఏంది, ఎంత?"

"ఎంతనో వాళ్లనే చెప్పుమనుండ్రి" అన్నది యాదవ్వ.

"గట్ల గాదు. తప్పు చేసింది పోరడు. పోరని తప్పుకు తల్లిదండ్రులే జవాబు. గది నేను ఒప్పుకుంట. గని విలువ నువ్వు చెప్పాలె."

మొండయ్య నడుమ అందుకున్నాడు. "పెద్దయ్యా, బతికున్నోనికే మస్కట్‌ల విలువ లేదు. సచ్చినోని మాటకు ఎంతని కట్టాలె? పది మాటలున్నయో, ఇరవై మాటలున్నయో, మాటకు రూపాయి లెక్క కట్టుమంటవా?"

కొందరు నవ్వారు. అంతయ్య కసిరాడు. ఇంకెవరో "టేపురికార్డరు మంచిగనే ఉన్నది గద, గదన్న ఖరాబు చెయ్యలే" అన్నారు. మాట అటూ ఇటూ తిరిగి చివరికి ఒక చోట కుదిరింది. మొండయ్య వంద రూపాయల దండుగ కట్టాలి, ఒక కొత్త క్యాసెట్టు తెచ్చి ఇవ్వాలి. యాదవ్వ పైకం యాదవ్వకు, మొండయ్య పైకం కల్లుకు.

"పాలోళ్లు. రేపు పెండ్లికి, సావుకు ఒకల ముఖం ఒకలు చూసుకునేటోళ్లు. పగలు పెట్టుకోకుండ్రి" అన్నాడు అంతయ్య. "మంచె కాడ సుత ఎప్పటిలెక్కనే. పొద్దుగాల యాదవ్వ, మాపటికి మొండయ్యోళ్లు. ఏం యాదవ్వా, సరేనా?"

యాదవ్వ నేల చూస్తూ నిలబడింది.

"సరే అన్నట్టే. లేవుండ్రి ఇగ" అన్నాడు అంతయ్య.

మూడో నాడు బుచ్చవ్వ వాకిట్లోకి వచ్చింది. వంద నోటూ, ఒక క్యాసెట్టూ అరుగు మీద పెట్టింది. మొండయ్య ఖాళీది తేలేదు. సినిమా పాటలది తెచ్చాడు. వీధిలో నీళ్లకు పోయే ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు. వాళ్లు చూస్తున్నారనే బుచ్చవ్వకు నాలుక దురద పెట్టింది.

"ఇగో అక్కా, తీసుకో. గీంట్ల సుత మొగోని గొంతే ఉన్నది. తలుపేసుకొని ఇనుకో."

బిందెలు పట్టుకున్నవాళ్లు పక్కున నవ్వారు. ఒకామె "అయ్యో, ఏం మాటనే బుచ్చీ" అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాదవ్వ నోటును తీసి బొడ్లో దోపుకుంది. క్యాసెట్టును గూట్లో పెట్టింది. తలుపు వేసుకుంది. ఆ రోజు బియ్యం ఏరలేదు. గోడకు ఆనుకొని, కళ్లు తెరుచుకొనే, వీధిలో నవ్వులు ఆగేదాకా కూర్చుంది. అప్పటిదాకా ఆమె కడుపులో మండినది దుఃఖం. దాని మీద ఆ రోజు ఇంకొకటి వచ్చి కూర్చుంది, బరువుగా, కుదురుగా, కడుపున పడ్డ బిడ్డలాగా. దాన్ని ఆమె దాచుకుంది, పెంచుకుంది.

నాలుగు రోజుల్లో ఆమె చేసిన పని ఊరికి అర్థం కాలేదు. కంకులు గట్టిపడకముందే, పచ్చివాటినే బస్టాండులో కాల్చి అమ్మేవాళ్లకు గుత్తకు ఇచ్చేసింది. బండి వచ్చి చేనంతా ఒక్క పూటలో విరుచుకుపోయింది. గట్టిపడిన మక్కలకు వచ్చే దానిలో సగం కూడా రాలేదు.

"ఏంది వదినె, గింత తొందర? నష్టపోతివి గద" అన్నాడు మొండయ్య, గెట్టు మీద ఎదురై.

యాదవ్వ కొడవలి చంకలో పెట్టుకొని పక్కకు తప్పుకొని పోయింది.

"మొగదిక్కు లేనామె, ఎన్ని దినాలని కావలి కాస్తది" అని ఊళ్లో జాలిపడ్డారు. ఐలేషును పంచాయితి అయిన రోజున మొండయ్య బెత్తంతో కొట్టాడు. బుచ్చవ్వ వాణ్ని తల్లిగారింటికి పంపింది. మాపటి కావలికి తనే పోయేది. మంచె మీద కూర్చొని బీడీలు చుట్టుకుంటూ, అప్పుడప్పుడు హోయ్ అని ఒక కేక వేసేది.

యాదవ్వ మాత్రం పొద్దున కావలి మానలేదు. తన చేన్లో ఎండు దంట్లు తప్ప ఏమీ లేకపోయినా, ఎప్పటిలా చీకటి విచ్చుకునే వేళకు వాకిట్లో సాన్పు చల్లి, వడిసెల నడుముకు చుట్టుకొని, మంచెకు నడిచేది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "తనది ఇరిసినంక సుత పాలోని చేనుకు కావలి పోతుంది. ధర్మాత్మురాలు" అన్నారు. బుచ్చవ్వ బీడీలు అప్పజెప్పడానికి పోయిన కార్ఖానాలో పక్కనున్న వాళ్లతో అన్నది: "నూరు రూపాలు పారేసినం. కావలి సుత ఫిరీగ చేస్తుంది."

ఆ మాట యాదవ్వ చెవిన పడింది. పడనిచ్చింది.

మంచె ఎక్కి ఆమె ఏం చేస్తోందో ఎవరూ చూడలేదు. పక్కన రాళ్ల కుప్ప పెట్టుకునేది. వాగులోంచి ఏరి తెచ్చిన గుండ్రని రాళ్లు. వడిసెల ఒళ్లో పరుచుకునేది. తూరుపు ఎర్రబడగానే చిలుకలు వచ్చేవి. చుట్టుపక్కల చేన్లలో ఎక్కడికక్కడ కేకలు, డబ్బాల చప్పుళ్లు, వడిసెల దెబ్బలు. తరిమినవన్నీ తిరిగి తిరిగి చప్పుడు లేని చోటికే వస్తాయి కదా. మొండయ్య చేను మీద పచ్చటి దుప్పటి పరిచినట్టు దిగేవి. యాదవ్వ చూసేది. పొట్టును ముక్కుతో చీల్చి, కంకిని కొస నుంచి గీరుకుంటూ వచ్చేవి. కిందకు రాలిన గింజలకు కాకులు, పిట్టలు. ఆ చేన్లో ఆ పూటలో ఎంత పోతోందో ఆమె కళ్లతో తూచుకునేది. "తినుండ్రి. తినుండ్రి తల్లీ. బాకీ ఉన్నది వాళ్లది" అనేది. రాజం పోయాక, క్యాసెట్టు పోయాక, ఆమె కడుపునిండా మాట్లాడింది ఆ చిలుకలతోనే.

గెట్టు మీద నుంచి చూసినా, మాపటి మసక వెలుగులో మంచె మీద నుంచి చూసినా చేను నిండుగానే కనిపించేది. అంచు వరసలు పక్షులు ముట్టలేదు. గింజ పోయిన కంకులకూ పొట్టు పొట్టు లాగే నిలబడి ఉంది. మధ్యలో ఏముందో లోపలికి పోయి చూసేటంత తీరిక మొండయ్యకు లేదు, మిల్లు పని. బుచ్చవ్వకు లేదు, బీడీల పని. యాదవ్వ ఉంది కదా అన్న ధీమా. ఒకసారి ఆమెకు మనసు మళ్లింది కూడా. ఒక తెల్లవారుజామున, చిన్న చిలుక పిల్ల ఒకటి కంకి మీద నిలవలేక జారుతుంటే, ఐలేషు గుర్తొచ్చాడు. వాడి చేతులు, జామకాయ, "ఉత్త మాటలే ఉన్నయి" అన్న గొంతు. వడిసెలలో రాయి పెట్టింది. పెట్టిన చేతిని పైకి ఎత్తబోయింది. అంతలో వీధిలో పక్కున నవ్విన నవ్వులు చెవిలో మోగాయి. రాయి తీసి కుప్పలో వేసింది.

కోతకు కూలివాళ్లను మాట్లాడుకున్న రోజున బుచ్చవ్వ ముందుగా చేను చూసుకుందామని పొద్దున్నే వచ్చింది. చేతిలో గంజి గురిగి. మంచె మీదున్న యాదవ్వను చూసి, దూరం నుంచే నవ్వుతూ, "అక్కా, గంజి తెచ్చిన, దిగి తాగు" అని కేకేసి, వరసల మధ్యకు నడిచింది.

కొద్దిసేపు ఆకుల అలికిడి. అది ఆగింది.

"అయ్యో!"

పక్షులు ఒక్కసారిగా లేచాయి. లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలాయి. బుచ్చవ్వ ఒక కంకి చీల్చి చూసింది, ఇంకొకటి చీల్చింది. పండ్లు ఊడిన దవడల్లాగా ఉన్నాయి. వరస వరసా అంతే. గురిగి ఎక్కడ పడేసిందో ఆమెకే తెలియదు. గెట్టు మీదకు ఉరికి వచ్చింది.

"అక్కా! ఏందే గిది? చేనంత పోయిందే! నువ్వు రోజు వస్తివి గద!"

యాదవ్వ చూస్తోంది.

"కావలి ఉంటనంటివి గద!"

"అన్ననా?" అన్నది యాదవ్వ. ఆ గొంతు విని బుచ్చవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది. రాజం క్యాసెట్టుకు తప్ప ఇంకెవరికీ వినిపించని గొంతు అది. మెత్తగా, తీరికగా ఉంది. "పంచాయితిల అడిగిరి. నేను సప్పుడు చెయ్యలే. మీరే అనుకుంటిరి."

"ఇగ మేమెట్ల బతకాలెనే? ఏజెంటుకు ఏం పెట్టాలె? నీ మరిది మస్కట్ ఎట్ల పోతడు?"

"పోకుంటె ఇంట్లనే ఉంటడు. ఇంట్లనే మాట్లాడుతడు. నీకు క్యాసెట్టుతోని పనే పడది."

బుచ్చవ్వ నేల మీద కూలబడి దుమ్మెత్తి పోసింది. తిట్టింది. గొడ్రాలు అన్నది. మొగని మింగింది అన్నది. ఊరంతటికీ వినపడేటట్టు ఏడ్చింది. ఆ ఏడుపు నడుమ మళ్లీ చిలుకల గుంపు వచ్చి దిగింది, మిగిలిన అంచు వరసల మీద. అవి మాత్రమే ఇంకా నిండుగా ఉన్నాయి. నాలుగు బస్తాలన్నా అవుతాయి.

"అవ్వి గూడ పోతున్నయే! రాళ్లున్నయి గద నీ పక్కన! ఒక్క రాయి ఇసురరాదే! నీ కాళ్లు మొక్కుతనే అక్కా, పంచాయితి ఎన్క చేసుకుందాం, ముందుగాల్ల గా పిట్టల్ని కొట్టరాదే!"

"పొద్దుగాల వచ్చేటప్పుడు మీ గడపల గా పాటల క్యాసెట్టు పెట్టొచ్చిన" అన్నది యాదవ్వ. "మొగోని గొంతే ఉన్నది గండ్ల. చింపి చేనుకు కట్టుకో. చిలుకలు బెదురుతయి. నాకు ఎర్కనే."

బుచ్చవ్వ లేచి, చేతులు ఊపుకుంటూ, కేకలు వేసుకుంటూ వరసల్లోకి పరుగెత్తింది. ఆమె ఈ మూలకు పోతే పక్షులు ఆ మూలకు, ఆ మూలకు పోతే ఈ మూలకు. మంచె మీద నుంచి చూస్తే చేనంతా ఒక్క చోటి నుంచే కనిపిస్తుంది. అందుకే ముసలివాళ్లు మంచె గెట్టు మీద కట్టారు. కింద నుంచి తరమడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఎండ ఎక్కింది. యాదవ్వ ఒళ్లో వడిసెల నున్నగా మడిచి ఉంది. పక్కన రాళ్ల కుప్ప, ఏరి తెచ్చిన నాడు ఎంత ఉందో అంతే ఉంది. ఆమె కాళ్లు చాపుకొని కూర్చుంది.